తిమింగలం నోటి దగ్గర కనకమ్మ

మా చర్చి ఆవరణలో ఏటా మే నెలలో ఒక చేప లేస్తుంది. వెదురు బద్దలు దాని ఎముకలు. సంఘంలో ఆడవాళ్ళు ఇచ్చిన పాత చీరలు దాని చర్మం. నోరు గేటు వైపు, తోక చేతిపంపు వైపు. వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే వి.బి.ఎస్. అనే బైబిలు బడి ఆఖరి రోజున పిల్లలంతా చెప్పులు బయట వరసగా విడిచి, ఒక్కొక్కరే వంగి ఆ నోట్లో దూరతారు. కడుపు మధ్యలో ఆగి, ఆ యేడు నేర్చుకున్న కంఠత వాక్యం గట్టిగా అప్పజెప్పి, తోకలోంచి బయటికొస్తారు. దేవుడు వెళ్ళమన్న ఊరికి వెళ్ళకుండా ఓడెక్కి పారిపోయి, పెద్ద చేప మింగితే, దాని కడుపులో ప్రార్థన చేసుకుని ఒడ్డున పడ్డ ప్రవక్త కథ అది. మా ఊళ్ళో ఆ కథను ఎవరూ చదివి నేర్చుకోలేదు. అందరం దూరి నేర్చుకున్నాం.

ఆ చేప కనకమ్మది.

కనకమ్మ భర్త ప్రసాదరావు వయసులో ఉండగా కొల్లేటిలో చేపలు పట్టే మావులు అల్లేవాడు. మావు అంటే వెదురు పుల్లల బుట్ట. మూతి లోపలికి వాలి ఉంటుంది, దూరిన చేప వెనక్కి రాలేదు. తర్వాత మా వైపు గట్లు పోసి చెరువులు తవ్వారు. మావులు కొనేవాళ్ళు లేకపోయారు. ప్రసాదరావు ఒక ఆసామి చేపల చెరువు మీద కాపలాకు కుదిరాడు. చేతులు ఊరికే ఉండలేక, కనకమ్మ అడిగిందని, పిల్లలు దూరేంత మావు ఒకటి అల్లిపెట్టాడు. “ఇన్నాళ్ళూ బయటికి పోనీయని మావులల్లాను. ఇదొక్కటీ పోనిచ్చేది,” అన్నాడట. అప్పటి నుంచీ ఏటా పాత బద్దలు విప్పి కొత్తవి కట్టడం ఆ మొగుడూ పెళ్ళాల పని.

కనకమ్మ ఊరి బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొద్దున తినకుండా వచ్చిన పిల్ల ఎవరో మొహం చూసి చెప్పేస్తుంది. ఆ పిల్ల పళ్ళెంలోకి పప్పు అడుగు నుంచి తోడి వేస్తుంది, పక్క పిల్లకు తెలియకుండా. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. సండే స్కూలు పుస్తకం గబగబా చదవలేదు. అందుకని పాఠాలు మిగతావాళ్ళు చెబుతారు, పాటలు షారోన్ నేర్పుతుంది. షారోన్ మా ఊరి ఆడపడుచే, ఆసుపత్రిలో నర్సు. కనకమ్మ పిల్లల మధ్య చాప మీద కూర్చుని, అల్లరి చేసేవాడి చెయ్యి పట్టుకుని ఉంటుంది. ఏడాదికి ఒక్కరోజు మాత్రం చేప నోటి దగ్గర నిలబడి ఆ కథ ఆమె చెబుతుంది. ఓడ ఎలా ఊగిందో, ప్రవక్త తలకు నాచు ఎలా చుట్టుకుందో కనకమ్మ చెబుతుంటే, పడవ బోల్తాపడి బయటపడ్డ మనిషి చెబుతున్నట్టే ఉండేది. మిగతా అన్నిటిలోనూ వెనక కూర్చునే మనిషికి ఆ ఒక్క కథే ముందు నిలబడే చోటు.

పేతురు గారి కోడలు క్రిస్టినా వచ్చేదాకా ఆ చోటు మీద ఎవరి కన్నూ పడలేదు.

క్రిస్టినా తాడేపల్లిగూడెం పిల్ల. బి.యస్సీ., బి.ఇడి. కైకలూరులో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. పెళ్ళై వచ్చిన నెలలోనే సండే స్కూల్లో చేరింది. గొంతు పెంచదు, ఎవరినీ కసరదు. ఫోనులో సముద్రం చూపించేది, సముద్రంలో ఈదే తిమింగలాన్ని చూపించేది. అది నీళ్ళు చిమ్మితే పిల్లలు మొహాలు తుడుచుకునేవారు. ఆరాధన అయ్యాక కనకమ్మ చాప చుట్టబెడుతూ చూస్తే, పిల్లలంతా క్రిస్టినా చుట్టూ గుమిగూడి ఉండేవారు. గుమిగూడితే గూడారు, కనకమ్మ ఒళ్ళో నిద్రపోయిన వాళ్ళు కూడా అందులో ఉండేవారు. అది మాత్రం ఆమెకు గుచ్చుకునేది.

పోనీ క్రిస్టినా మంచిది కాకపోయినా బాగుండేది. తప్పు పట్టడానికి కాస్త చోటుండేది. ఎదురొస్తే ఆ పిల్లే ముందు, “వందనాలండీ అత్తయ్యగారూ,” అంటుంది. చేతిలో బరువుంటే అడక్కుండానే అందుకుంటుంది. ఒకసారి కనకమ్మకు జ్వరమొస్తే బార్లీ కాచి, గ్లాసు మీద మూత పెట్టి మరీ తెచ్చింది. కనకమ్మ తాగింది. “పంచదార ఎక్కువైంది,” అంది భర్తతో, ఆ పిల్ల గుమ్మం దాటాక.

“బార్లీలో కాదు, నీ నోట్లో తక్కువైంది,” అన్నాడు ప్రసాదరావు.

ఒక ఆదివారం పాపారావు గారి మనవడు చంటి వచ్చి కనకమ్మ కొంగు లాగాడు. “మామ్మా, నీ చేప ఉత్తుత్తి చేప కదా? టీచర్‌గారి ఫోన్లో ఉన్నదే అసలుది కదా?”

కనకమ్మ కొంగు విడిపించుకుంది. ఇంటికెళ్ళి అన్నం పొయ్యి మీద పెట్టి, అది మాడిన వాసన వీధిలోకి వచ్చేదాకా కూర్చుంది.

“ఏమే, కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు, గిన్నె ఏం చేసిందే?” అన్నాడు ప్రసాదరావు.

“నాకేం కుళ్ళండీ? ఆ పిల్ల నా కూతురు ఈడుది.”

“మరి కూతురు మీద కుళ్ళేంటంటున్నాను.”

“మీరు చెరువు మీదకి వెళ్ళండి ముందు.”

అదే నెలలో మా పాస్టరు అయ్యగారు సండే స్కూలు టీచర్లందరినీ కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. చెన్నైలో పిల్లల పరిచర్య గురించి శిక్షణ ఉంది, మన పాస్టరేటు నుంచి ఆడవాళ్ళందరూ వెళ్ళి రావాలి అన్నది మొదటిది. రెండోది, ఈ ఏడు వి.బి.ఎస్. ఆఖరి రోజు కథను కొత్త పద్ధతిలో చెబితే ఎలా ఉంటుంది అన్నది. “క్రిస్టినమ్మ ఒక మాటన్నారు. చెన్నైలో పెద్ద మ్యూజియం ఉందట. అందులో తిమింగలం అస్థిపంజరం నిలువెత్తున పెట్టారట. టీచర్లంతా అది చూసొస్తే కథ చెప్పడానికి బాగుంటుందన్నారు. చూసి రండి. వచ్చాక ఆ కథ కనకమ్మగారు చెప్పాలా, క్రిస్టినమ్మ చెప్పాలా అనేది మీరే ఆలోచించి చెప్పండి.”

అయ్యగారు ఆ మాట మెత్తగానే అన్నారు. కనకమ్మకు మాత్రం చాప కింద నుంచి ఎవరో లాగినట్టయింది. ఆమె ఏలూరు దాటి ఎరుగదు. మోకాళ్ళ నొప్పి. అయినా, “నేనూ వస్తానండీ అయ్యగారూ,” అంది. మిగతావాళ్ళు శిక్షణ కోసం వెళ్ళారు. కనకమ్మ తన కథను కాపలా కాసుకోవడానికి వెళ్ళింది.

ఏలూరు స్టేషన్లో రైలెక్కగానే కనకమ్మకు మధ్య బెర్తు వచ్చిందని తేలింది. ఎవరూ చూడకముందే క్రిస్టినా తన కింది బెర్తు మీద దుప్పటి పరిచి, “మీరిక్కడ పడుకోండి అత్తయ్యగారూ,” అని పైకి ఎక్కిపోయింది. అందరూ “బంగారం లాంటి పిల్ల” అన్నారు. కనకమ్మ పడుకుని, పైన తనకోసం ముడుచుకున్న ఆ పిల్ల పాదాలకేసి చూస్తూ, ఈ మంచితనం కూడా తనను ఓడించడానికేనేమో అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే కళ్ళు మూసుకుని క్షమించమని ప్రార్థించింది. ప్రార్థన అయ్యాక మళ్ళీ అలాగే అనుకుంది.

శిక్షణ అయిన చివరి మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్ళారు.

ఎర్ర ఇటుకల కట్టడం, గుండ్రటి మెట్లు, మా చర్చి లాంటివి నాలుగు పట్టేంత హాళ్ళు. కనకమ్మ మెట్ల దగ్గర చెప్పులు విప్పబోతే, “అక్కర్లేదత్తా,” అని షారోన్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మొదటి హాల్లో ఏనుగు ఎముకలు, రెండో హాల్లో అద్దాల బీరువాల నిండా పక్షులు. ఒక బీరువాలో మన గూడబాతు ఉంది. ముక్కు కింద సంచి ఎండి ముడతలు పడింది. గాజు కళ్ళు.

“అత్తా, మన కొల్లేటి పిట్టే,” అంది షారోన్.

“మనది ఎగురుద్ది,” అంది కనకమ్మ.

కానీ ఆమె అక్కడి నుంచి కదల్లేదు. ఇంత గొప్ప ఇంట్లో, ఇంత దీపాల వెలుగులో, మన నీళ్ళల్లో తిరిగే పిట్టను రాజులా నిలబెట్టారు. చూడటానికి పట్నాల పిల్లలు యూనిఫారాల్లో వరసగా వస్తున్నారు. వాళ్ళ టీచరు వేలు పెట్టి చూపిస్తోంది. ఒక పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. అలా నోరు తెరిచి చూసే పిల్లలు తన చేప ముందు నిలబడి ఎన్నాళ్ళయిందో కనకమ్మకు గుర్తు రాలేదు. ఆమెకు ఆ మ్యూజియం మీదే కుళ్ళొచ్చింది. మనిషి మీద కుళ్ళు రావడం తెలుసు గానీ, మేడల మీద, బీరువాల మీద కూడా వస్తుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తర్వాతి హాలే తిమింగలానిది.

అది హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. ఇనప కాళ్ళ మీద నిలబెట్టారు. దవడలు రెండూ పడవ కొమ్ముల్లా ముందుకు చాచి ఉన్నాయి. వాటి వెనక పక్కటెముకలు వరసగా వంగి, కప్పు వెయ్యని పెద్ద పాకలా ఉన్నాయి. చుట్టూ తాడు కట్టారు.

“ప్రభువా,” అంది షారోన్ మెల్లగా.

క్రిస్టినా ముందుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. ఇది అసలు చేప కాదనీ, మనలాగే ఊపిరి పీలుస్తుందనీ, పిల్లకు పాలిస్తుందనీ, మూతి దగ్గరున్న ఎముకలు ఇవనీ, రెక్కలో మన చేతివేళ్ళ లాంటివి ఉన్నాయి చూడండనీ చెప్పుకుపోయింది. ప్రతి మాటా బాగుంది. గర్వం లేదు. ఆడవాళ్ళంతా ఆ పిల్ల వేలు ఎటు తిరిగితే అటు తలలు తిప్పారు. ఒకామె, “ఈ ఏడు పిల్లలకి ఇలా చెప్పాలమ్మా. అదిరిపోద్ది,” అంది.

కనకమ్మ వెనక్కి జరిగింది. గోడ పక్కన తోక కొసకు ఎదురుగా బల్ల ఉంటే దాని మీద కూర్చుంది. ఇంత పెద్ద ఎముకల ఇల్లు చూసిన కళ్ళతో వీళ్ళు ఇక తన చీరల చేపను ఎలా చూస్తారు? చంటిగాడు అన్నది నిజమే, అది ఉత్తుత్తి చేప. రంగు వెలిసిన జరీ చీర పొట్టకు, రామలక్ష్మి గారిచ్చిన నీలం చీర వీపుకు కట్టి, పిల్లల్ని ఇన్నేళ్ళూ మభ్యపెట్టింది తను. “తండ్రీ, ఆ పిల్ల నోరు కాసేపు మూయించు,” అని మనసులో అనుకుంది. ప్రార్థనగా అనుకోలేదు, కానీ తండ్రీ అని మొదలుపెట్టింది కాబట్టి ప్రార్థనే అయింది. భయమేసి, “వద్దులే,” అంది.

అప్పుడే అటు చూసింది.

దవడల ముందు షారోన్ నిలబడి ఉంది. చుట్టూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. కుడికాలి చెప్పు విప్పింది, ఎడమకాలిది విప్పి దాని పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు పైకి ఎగదోపి, తాడు కింద నుంచి వంగి, ఆ దవడల మధ్యలోంచి లోపలికి నడిచింది. పక్కటెముకల నడుమ, కడుపు ఉండాల్సిన చోట ఆగి, చేతులు కట్టుకుని, పెదాలు కదిపింది. ముప్పై దాటిన మనిషి, రోజూ సూదులు వేసే మనిషి, అచ్చం రెండు జడల పిల్లలా నిలబడి కంఠత వాక్యం చెప్పుకుంది. తోక వైపు నుంచి బయటికొచ్చింది.

ఆమె రావడమే ఆలస్యం, మా ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. పెద్ద నోరు తెరుచుకుని ఉంటే చెప్పులు విడిచి దూరాలి, మధ్యలో ఆగి వాక్యం చెప్పాలి, తోకలోంచి రావాలి. చిన్నప్పటి నుంచీ ఒంటికి అలవాటైన పని. అది మ్యూజియమనీ, తాడు కట్టింది లోపలికి రావద్దనేననీ వాళ్ళకు తట్టనే లేదు. వరస కట్టి నిలబడ్డారు. ముందున్నామె వాక్యం పూర్తి చేసేదాకా వెనకామె ఆగింది. ఆ ఆగడం కూడా కనకమ్మ నేర్పిందే.

హాలు ఆ చివర నుంచి గార్డు పరుగెత్తుకొచ్చాడు. నెరిసిన మీసాలాయన. అరవంలో ఏదో కేక వేసి, ఈల నోట్లో పెట్టుకున్నాడు. అప్పటికి లోపలున్న ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఆయన చూశాడు. ఈల ఊదలేదు. నోట్లో ఉన్నది తీసి చేత్తో పట్టుకుని, ఆమె ఆమేన్ అని కళ్ళు తెరిచేదాకా అలాగే నిలబడ్డాడు. తెరిచాక ఊదాడు, గట్టిగానే. “వెళియ వాంగమ్మా, వెళియ,” అని అందరినీ బయటికి తోలాడు. తోలేశాక, నేల మీద వరసగా ఉన్న చెప్పుల కేసీ, ఆ ఎముకల కేసీ మార్చి మార్చి చూసి, ఇది ఏ మొక్కో అనుకున్నాడేమో, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. క్రిస్టినా ఒక్కతే తాడుకు ఇవతల, చెప్పులతో నిలబడి ఉంది. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

“అదేంటండీ? అందరూ అలా వెళ్ళారేంటి?” అంది.

“నీకు తెలీదులే,” అంది షారోన్, కళ్ళు తుడుచుకుంటూ. “నువ్వు గూడెం పిల్లవి. కనకమ్మత్త చేపలో దూరి ఉంటే తెలిసేది.”

షారోన్ వెటకారంగా అనలేదు. కానీ మాట తగలాల్సిన చోట తగిలింది. క్రిస్టినా నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆ మొహం చూసి కనకమ్మ బల్ల మీద నుంచి లేవబోయినది లేవకుండా ఉండిపోయింది. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. అందరికీ ఉన్నదేదో తనకు మాత్రం లేనివాళ్ళ మొహం. చాప చుట్టబెట్టే ప్రతి ఆదివారం అది తన మొహమే.

కనకమ్మకు చల్లగా అనిపించింది. అబద్ధం చెప్పకూడదు, ఎండన పడి వచ్చి కుండలో నీళ్ళు తాగినంత చల్లగా. తర్వాత, క్రిస్టినా వంగి, గార్డు తొందరలో చెల్లాచెదురైన చెప్పుల్ని జతలు చేసి ఒక్కొక్కరి కాళ్ళ ముందు పెట్టడం చూసింది. ఆ చల్లదనం అక్కడితో ఆగింది.

ఊరికి తిరిగొచ్చాక అయ్యగారు అడిగారు. ఆడవాళ్ళంతా ఒకే మాట అన్నారు, కనకమ్మత్త చేపే ఉండాలి, కథ కనకమ్మత్తే చెప్పాలి. “అవునండీ, అదే బాగుంటుంది,” అంది క్రిస్టినా కూడా. అని, ఎవరూ అడక్కపోయినా మంచినీళ్ళు తేవడానికి లేచి వెళ్ళింది.

కనకమ్మ గెలిచింది. ఇంటికొచ్చి ప్రసాదరావుకు చెప్పింది. ఆయన సంతోషించి కొత్త బద్దలు చీల్చడానికి కత్తి నూరుకున్నాడు. ఆమె మాత్రం పప్పులో ఉప్పు వేశానో లేదో అని మాటిమాటికీ రుచి చూస్తున్న మనిషిలా తిరిగింది. ఎన్నిసార్లు రుచి చూసినా ఆ గెలుపులో ఏదో తక్కువైంది.

ఒక మధ్యాహ్నం, బళ్ళో పిల్లలు తినేసి వెళ్ళాక కనకమ్మ గంగాళం తోముతుంటే క్రిస్టినా వచ్చింది. మ్యూజియంలో ఫోనుతో తీసిన ఫోటోలు కైకలూరులో ప్రింటు వేయించి తెచ్చింది. “మీకొకటి ఇద్దామనండీ,” అని ఇచ్చింది.

తిమింగలం ఎముకలన్నీ పడ్డాయి ఫోటోలో. తోక కొసన, బల్ల మీద, కనకమ్మ. చిన్నగానే ఉన్నా మొహం స్పష్టంగా ఉంది. కనకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోటోను వెలుగులో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

“ఇంత కుళ్ళు మొహమా నాది?” అంది.

“అయ్యో, కాదండీ. ఆవేళ బాగా అలిసిపోయారు మీరు.”

“అలుపు కాదమ్మాయ్. నిన్ను చూసే.”

“నన్నా అండీ?”

“నిన్నే. నీ చదువు చూసి, నీ ఫోను చూసి, పిల్లలు నా ఒళ్ళోంచి లేచి నీ దగ్గరికి పరుగెత్తడం చూసి. నువ్వు తెచ్చిన బార్లీ మీద కూడా వంక పెట్టాను నేను.”

క్రిస్టినా గంగాళం పక్కన పీట లాక్కుని కూర్చుంది. కొంతసేపు పీచు తీసుకుని తనూ తోమింది. “నా దగ్గరికి పిల్లలు ఫోను కోసం వస్తారండీ. ఛార్జింగ్ అయిపోతే వెళ్ళిపోతారు,” అంది. “ఆవేళ షారోన్ వదిన చెప్పులు విప్పినప్పుడు... వాళ్ళందరికీ తెలిసిందేదో నాకొక్కదానికే తెలీదు. ఏడుపొచ్చి ఆపుకున్నానండీ. మిమ్మల్ని చూసి అంత కుళ్ళొచ్చింది నాకు.”

“చూశాను.”

“చూశారా?”

“చూశాను. నాకు చల్లగా అనిపించింది కూడా.”

క్రిస్టినా తల వంచుకుని నవ్వింది. “మరి ఇప్పుడోనండీ?”

“ఇప్పుడు సగం,” అంది కనకమ్మ. గంగాళం బోర్లించి, “కథ నువ్వు చెప్పు ఈ ఏడు,” అంది.

“వద్దండీ. అందరూ మీరే చెప్పాలన్నారు కదా.”

“అందరూ అన్నారు. నేననలేదు. ఊరికే చెప్పడం కాదులే. మా ఊళ్ళో చేపలో దూరనివాళ్ళు ఆ కథ చెప్పకూడదు.”

“అలా రూలుందా అండీ?”

“ఇప్పుడే పెట్టాను.”

వి.బి.ఎస్. ఆఖరి రోజుకు ముందు సాయంత్రం, చేపకు చీరలు కట్టడం పూర్తయింది. ప్రసాదరావు తోక బిగించి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆవరణలో ఇంకెవరూ లేరు. క్రిస్టినా చెప్పులు విడిచి, నోటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “పెద్దవాళ్ళు పడతారా అండీ?” అంది.

“ప్రవక్త పట్టాడు. నువ్వు పట్టవా?”

పాకుతూ లోపలికి వెళ్ళింది. చీరల కింద ఆమె కదలిక కనకమ్మకు బయటి నుంచి తెలుస్తూనే ఉంది. కడుపు దగ్గర ఆగింది. కనకమ్మ కాచుకుంది. లోపల మసకగా ఉంటుంది, గాలి ఆడదు, పాత చీరల వాసన వేస్తుంది. ఇంట్లో గడగడా చెప్పిన పిల్లలకు కూడా అక్కడికి వెళ్ళేసరికి నోరు పెగలదు. బి.ఇడి. అయితే మాత్రం, చీకటికి ఎవరైనా ఒకటే.

“రావట్లేదండీ,” అంది క్రిస్టినా గొంతు, చాలా చిన్నగా. “నిన్న వచ్చింది.”

కనకమ్మ వంగి, నీలం చీర మీద పెదాలు ఆనించి, వాక్యంలో మొదటి మాట అందించింది. అంత మెల్లగా, లోపలున్న వాళ్ళకు తప్ప ఎవరికీ వినపడనంతగా. ఎంతమంది పిల్లలకు అలా అందించిందో. అందిస్తుందన్న సంగతి దూరినవాళ్ళెవరూ బయట చెప్పరు. అందుకే మా ఊళ్ళో అందరం మిగతావాళ్ళకు వాక్యం వాళ్ళకే గుర్తొచ్చిందనుకుంటాం.

లోపలి నుంచి మిగతా వాక్యం వచ్చింది. తోకలోంచి క్రిస్టినా బయటికొచ్చింది. జడ చెదిరింది, మోచేతికి వెదురు గీరుకుంది. ప్రసాదరావు పంపు కొట్టాడు, ఆ పిల్ల మొహం కడుక్కుంది.

మర్నాడు కథ క్రిస్టినా చెప్పింది.

కనకమ్మ నోటి దగ్గర వెదురు మీద చెయ్యి వేసి నిలబడి విన్నది. క్రిస్టినా ఓడతో మొదలుపెట్టలేదు. చేప లోపలి చీకటితో మొదలుపెట్టింది. అక్కడ మనకు వచ్చిన మాట కూడా మర్చిపోతాం, అప్పుడు ఎవరో ఒకరు బయటి నుంచి మనకు మాట అందిస్తారు, ఆ దేవుడు అలాంటివాడు అని చెప్పింది. పిల్లలు కదల్లేదు. అరుగు మీదున్న పెద్దవాళ్ళు కూడా కదల్లేదు. ఇన్నేళ్ళు చెప్పాను, చీకటితో మొదలుపెట్టొచ్చని నాకెందుకు తట్టలేదు అనుకుంది కనకమ్మ. ఆ పాత కుళ్ళు మళ్ళీ చురుక్కుమంది. నిన్న ఆ మాట అందించింది తనే కదా అని కాస్త ఊరట పడింది. ఆ ఊరట ఎక్కువసేపు నిలవలేదు. ఆ పిల్ల అంత బాగా చెబుతోంది.

వరసలో మొదట చంటి ఉన్నాడు. చెప్పులు అప్పటికే విడిచేశాడు.

“మామ్మా, ఈసారి నువ్వు చెప్పవా?” అని గుసగుసగా అడిగాడు.

“నేను దూరిస్తాను.”

“టీచర్‌గారు నీకన్నా బాగా చెబుతున్నారు కదా?”

“ఊఁ,” అంది కనకమ్మ. కొంచెం ఆగి, “బాగానే చెబుతోంది,” అని వాడి తల వంచి, చీర అంచు పైకెత్తి పట్టుకుంది.